దొంగ తూకం

"ఇదేంటి పిన్నీ?"

అక్క కూతురు చేతుల్లేని జాకెట్టొకటి తెచ్చి భోజనాల బల్ల మీదికి విసిరింది. గుడ్డ పడినట్టు లేదు. తాళాల గుత్తి పడినట్టు ధన్‌మంది. గ్లాసు అదిరి కాసిని నీళ్ళు ఒలికాయి.

"జాకెట్టు," అంది చెల్లెలు.

"జాకెట్టని నాకూ తెలుసు. అంచుల్లో ఏం పెట్టి కుట్టావని అడుగుతున్నా."

చెల్లెలు మసిగుడ్డ తీసుకుని ఒలికిన నీళ్ళు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

మధ్యాహ్నం రెండున్నరే అయినా హాల్లో పొద్దుగూకినట్టుంది. కిటికీలకు, వెంటిలేటర్లకు, ఆఖరికి తలుపు తాళం కన్నానికి కూడా నల్లగుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డలన్నీ చెల్లెలు కుట్టినవే. కర్టెన్లు కుట్టడం ఆమె వృత్తి. ఊళ్ళో సగం హోటళ్ళకు ఆమె కుట్టిన పరదాలే వేలాడుతుంటాయి. పరదా గాలికి లేవకుండా అడుగు అంచులో సీసం గుళ్ళ తాడు పెట్టి కుడతారు. అదే తాడు ఇప్పుడా జాకెట్టు లోపల నడుము చుట్టూ వరసలు వరసలుగా ఉంది. ఎవరు కుట్టారని అడగక్కర్లేదు. అంత సన్నటి కుట్టు ఆ ఇంట్లో మరొకరికి రాదు.

"సీసం," అంది చివరికి.

"ఎంత?"

"మూడు కిలోల రెండు వందలు."

అక్క కూతురు కుర్చీ లాక్కుని కూలబడింది. సిటీ బస్సు డ్రైవరామె. ఒంటి మీద యూనిఫాం ఇంకా అలాగే ఉంది. ఒంటి గంటకు పిన్ని ఫోను చేసి "మీ అమ్మ చెయ్యి బొబ్బలెక్కిందే" అనగానే బస్సును డిపోలో ఇంకొకరికి అప్పజెప్పి పరుగెత్తుకొచ్చింది. బొబ్బల మీద కట్టడానికి మెత్తటి పాతగుడ్డ కోసం కుట్టుమిషను కింద పెట్టె వెతికింది. గుడ్డ దొరకలేదు గానీ ఇది దొరికింది.

అక్కకు క్లోమంలో కాన్సరు. రెండు రకాల కీమో అయ్యాయి, రెండూ ఓడిపోయాయి. ఇప్పుడు హాస్పిటల్లో ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారు, ఆ పరీక్షలో అక్క పదకొండో మనిషి. మందు నరంలోకి ఎక్కిస్తారు. అది వెళ్ళి గడ్డను అంటుకుని ఊరికే కూర్చుంటుంది. తర్వాత నోట్లోంచి సన్నటి గొట్టం దింపి గడ్డ పక్కన ఎర్ర వెలుగు వేస్తారు. ఆ వెలుగు తగిలితేనే మందుకు ప్రాణం వస్తుంది. గడ్డ పగులుతుంది. పగిలిన ముక్కల్ని చూసి ఒంట్లోని కాపలా కణాలు శత్రువెవరో గుర్తుపట్టి, మిగిలిన కాన్సరు మీద పడతాయని డాక్టరుగారి ఆశ. ఆశేనమ్మా, హామీ కాదు, అని ఆయనే మూడుసార్లు చెప్పాడు.

మందు నిన్న ఎక్కించారు. వెలుగు రేపు పొద్దున ఎనిమిదింటికి. ఈలోగా ఎండ పొడ ఒంటికి తగలకూడదు, తగిలితే గడ్డకు బదులు చర్మం మండుతుంది. ఇన్ని చెప్పినా పొద్దున్నే అక్క తలుపు సందులోంచి చెయ్యి చాపి పాలపాకెట్టు అందుకుంది. నిండా రెండు నిమిషాలు పట్టలేదు. మధ్యాహ్నానికి మణికట్టు నుంచి వేళ్ళ దాకా బొబ్బలు లేచాయి.

"అంత కాస్త ఎండకి ఇంతలా కాలడమేంటని దారి పొడుగునా ఆలోచించా," అంది అక్క కూతురు. "ఇప్పుడర్థమైంది. మందు కిలోకింత అని లెక్కగట్టి ఎక్కిస్తారు. లేని మూడు కిలోలకి కూడా ఎక్కించారు. అవునా, కాదా?"

"మెల్లగా మాట్లాడు. అక్క పడుకుంది."

"పడుకోలేదు," అంటూ గదిలోంచి అక్క వచ్చింది. ఒక చెయ్యి గోడ మీద, ఇంకో చేతికి తడిగుడ్డ. మనిషి సగమైంది. గొంతు మాత్రం అంగుళం తగ్గలేదు. "జాకెట్టు నేనే కుట్టమన్నాను. దాన్నేం అనకు."

"నిన్ను కూడా అంటాలే. నీ వంతు వస్తుంది. ముందు కూర్చో."

అక్క కూర్చోలేదు. రెండేళ్ళ కిందటి దాకా ఆమె తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. బజారంతా ఆమెను తూనికలమ్మ అనేది. ఆమె వీధి మొదట్లో కనిపిస్తే చివరి కొట్టువాడు కాటా తుడుచుకునేవాడు. ఇరవై గ్రాముల తేడాకు సొంత మేనమామ చక్కెర కొట్టుకు సీలు వేసిన మనిషి. ఆయన చచ్చేదాకా మళ్ళీ వీళ్ళ గడప తొక్కలేదు. అయినా అక్క ఏనాడూ బాధపడలేదు, బాధపడినా ఎవరికీ చెప్పలేదు.

"కాటాకి ఎంత తేడా ఉంటే వదిలేసేదానివమ్మా?" అంది కూతురు.

అక్క చేతి మీది తడిగుడ్డ సర్దుకుంది.

"చెప్పు. నిద్రలో లేపి అడిగినా చెప్పేదానివిగా. కిలోకి ఒక్క గ్రాము. నువ్వు వేసుకున్నది కిలోకి డెబ్బై అయిదు గ్రాములు. ఇంకెవడైనా ఈ పని చేస్తే కొట్టు మూయించి, వాడి పేరు పేపరుకెక్కించి గానీ అన్నం తినేదానివి కాదు. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?"

అక్క పెదాలు వణికాయి. అది ఏడుపు కాదని చెల్లెలికి తెలుసు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న వణుకే.

"అవునే, దొంగ తూకమే!" అని అరిచింది అక్క. "ముప్పై ఒక్క ఏళ్ళు ఊరందరికీ సరైన తూకం ఇప్పించాను. పావుకిలో ఉల్లిపాయలు కొనుక్కునే ముసల్దానికి కూడా ఇప్పించాను. ఒక్క దురలవాటు లేదు, ఒక్కడి దగ్గర ఒక్క పైసా ముట్టలేదు. మరి నాకీ రోగం ఏ కాటాలో తూచి ఇచ్చారు? ఎవడు సరిచూశాడు? నా జన్మలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ముల్లు నావైపు మొగ్గేలా వేలు పెట్టాను. మళ్ళీ పెట్టాల్సొచ్చినా పెడతాను!"

అరిచాక ఊపిరాడలేదు. సోఫా చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చుంది. ఎవరూ లేచి పట్టుకోలేదు. పట్టుకుంటే ఊరుకునే మనిషి కాదు.

ఇంత జరుగుతున్నా మూల కుర్చీలో బావ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. గొడవ మొదలవగానే చెవి మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడాయన. ఆ మిషను వచ్చాకే తన కాపురం ప్రశాంతంగా ఉందని అందరితోనూ చెబుతుంటాడు. కూతురు లేచి వెళ్ళి జాకెట్టును ఆయన కళ్ళముందు ఆడించింది. ఇక తప్పదన్నట్టు ఆయన మిషను తీసి చెవిలో పెట్టుకున్నాడు.

"నాన్నా, ఇది నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నావా?"

"ఊరుకోలేదు. హుక్కులు నేనే పెట్టాను."

కూతురు నెత్తి కొట్టుకుంది. "ముగ్గురూ ముగ్గురే! నేనొక్కదాన్నే పరాయిదాన్ని అయ్యాను ఈ ఇంట్లో. సెలవు దొరకలేదు, హాస్పిటలుకి వెంట రాలేకపోయాననేగా, ఇంత నాటకం ఆడి నాకో మాట చెప్పలేదు?"

"నీకు చెప్తే అది హాస్పిటలు దాకా పోతుంది," అన్నాడు బావ. ఆయన గొంతులోనూ కోపం ఉంది, అరుదుగా బయటికొస్తుంది కాబట్టి కొత్తగా వినిపించింది. "ఇప్పుడు కూడా అదే చెప్తున్నా. నాలుగింటికి హాస్పిటలు సిస్టరు రోజూలాగే ఫోను చేస్తుంది. ఎవరూ నోరెత్తొద్దు. ఎక్కిన మందు ఎలాగూ వెనక్కి రాదు. చెప్పామంటే రేపు వెలుగు ఆపేస్తారు. వెలుగు లేకపోతే మీ అమ్మ ఒంట్లో ఉన్నది మందు కాదు, రంగునీళ్ళు."

"ఎందుకు ఆపుతారు నాన్నా? మోతాదు ఎక్కువైందని తెలిస్తే వెలుగు తగ్గించి వేస్తారు. తెలియకపోతే మామూలుగా వేసేస్తారు. రెండు నిమిషాల ఎండకే చెయ్యి ఇలా అయింది. లోపల పేగుల పక్కన, రక్తనాళాల పక్కన అంత వెలుగు వేస్తే ఏమవుతుందో ఆలోచించావా?" అని తల్లివైపు తిరిగింది. "మొదటి రోజు నలభై ఆరున్నర ఉన్నావు. ఈ మూడు వారాల్లో తగ్గిపోయావు. తగ్గావంటే మందు వాయిదా వేస్తారని భయపడ్డారు. అంతేగా? అది చెప్పుకుంటే వాళ్ళు అర్థం చేసుకోరా?"



బావ జాకెట్టు హుక్కులు చూస్తున్నాడు. అక్క గోడ చూస్తోంది. చెల్లెలు చేతిలోని గుడ్డను మడిచి మళ్ళీ విప్పింది. ఎందుకంటే మొదటి రోజు కూడా ఆ జాకెట్టు అక్క ఒంటి మీదే ఉంది. నలభై అయిదు కిలోలకు ఒక్క గ్రాము తగ్గినా ఆ పరీక్షలోకి తీసుకోరు. ఎంపిక ముందు రోజు ఇంటి కాటా మీద అక్క నలభై మూడు పైన మూడు వందలు తూగింది. అక్క కాటా దిగి, చెల్లెలి దగ్గరికొచ్చి, "నీ దగ్గర సీసం ఎంతుంది?" అని అడిగింది. ఆ ఒక్క సంగతి ఈ పిల్లకు తెలియదు. తెలిస్తే ఏం చేస్తుందో చెల్లెలు ఊహించలేకపోయింది.

"అయినా నిన్నే అనాలి పిన్నీ," అంది అక్క కూతురు, ఆ మౌనాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుని. "అమ్మ రోగంతో ఉంది, భయంలో ఏదో అంటుంది. నీ బుద్ధి ఏమైంది? కుట్టమంటే కుట్టెయ్యడమేనా?"

"కుట్టెయ్యడమే!"

ఆ అరుపు తన నోటి నుంచే వచ్చిందని చెల్లెలికి ఒక క్షణం తర్వాత గానీ తెలియలేదు. చేతిలో గుడ్డను బల్ల మీద కొట్టింది. కోపమంతా అక్క కూతురి మీద మొదలై అక్క మీదకు మళ్ళింది.

"నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. ఆ రోజు నుంచి నువ్వు చెప్పడం, నేను చెయ్యడం. చదువొద్దన్నావు, మానేశాను. మిషను ముందు కూర్చోమన్నావు, కూర్చున్నాను. పెంచినదానివని నీకెప్పుడూ ఎదురు చెప్పలేదు. చావుబతుకుల్లో ఉన్న మనిషి అడిగితే కాదని ఎలా అనను? నువ్వు అడిగింది కూడా కాదు, ఆర్డరేశావు! రేపు నీకేమైనా అయితే ఆ సీసం ఎవరి మెడకి చుట్టుకుంటుంది? నీ మెడకా? నువ్వుంటావా అసలు, చూడ్డానికి?"

అనేసి నాలుక కరుచుకుంది. కానీ అన్న మాట అన్నట్టే హాలంతా నిలబడిపోయింది. బావ చెయ్యి మళ్ళీ చెవి మిషను దాకా వెళ్ళి ఆగింది.

అక్క చెల్లెలి వంక తిరిగింది.

"యాభై ఏళ్ళొచ్చాక నోరొచ్చింది దీనికి," అంది. "అదేదో ఆ రోజే అనుండొచ్చుగా?"

"ఆ రోజు అంటే నువ్వు మాన్పించేదానివా?"

"లేదు."

"మరెందుకు అడుగుతావు?"

ఫోను మోగింది. నాలుగు కాకుండానే, మూడుంబావుకే మోగింది.

హాస్పిటలు కాగితాల్లో రోగిని చూసుకునే మనిషిగా చెల్లెలి సంతకమే ఉంది. అందుకే ఫోను ఆమెకే వస్తుంది. రోజూ అవే ప్రశ్నలు వరసగా అడుగుతుంది కాబట్టి ఆ నర్సుకు ఇంట్లో ప్రశ్నల సిస్టరని పేరు పెట్టారు. అందరికీ వినపడాలని చెల్లెలు స్పీకరు నొక్కి ఫోను బల్ల మీద పెట్టింది.

"జ్వరం ఉందా అమ్మా?"

"లేదు."

"వాంతులు?"

"ఒకసారి."

"చర్మం ఎలా ఉంది?"

చెల్లెలు అక్క చేతివంక చూసింది. "చెయ్యి కాలింది. పొద్దున రెండు నిమిషాలు ఎండ తగిలింది. బొబ్బలొచ్చాయి."

"రెండు నిమిషాలేనా?" అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. "రెండు నిమిషాలకి అంత రాకూడదే. అమ్మా, మీకో మాట చెప్పాలనే ఇవాళ ముందుగా చేశాను. అక్కగారికంటే ముందు ఇదే మోతాదు తీసుకున్నాయనకి, వెలుగు వేశాక లోపల రక్తం పోయింది. ఇప్పుడు బాగానే ఉన్నారు, భయపడకండి. కానీ అందరి లెక్కలూ మళ్ళీ సరిచూడమన్నారు డాక్టరుగారు. పైగా రేపు అక్కగారికి ఎలా ఉంటుందో చూసే, తర్వాత వచ్చే ముగ్గురికి ఎంత ఇవ్వాలో నిర్ణయిస్తారు. ఇంట్లో కాటా ఉందన్నారు కదా, ఒకసారి బరువు చూసి చెప్తారా? నిన్న నేను రాసుకున్నది నలభై ఆరు."

సోఫాలోంచి అక్క కాలని చేత్తో నాలుగు వేళ్ళు చూపించింది. తర్వాత పిడికిలి మూసి, ఆరు చూపించబోయి, ఒక్క చేత్తో కుదరక, "నలభై ఆరు" అని పెదాలతో అంది. బావ తల ఊపాడు. అక్క కూతురు పిన్ని భుజం మీద చెయ్యి వేసి, "చెప్పు పిన్నీ, నిజం చెప్పు" అని గొణిగింది.

ఆ రాబోయే ముగ్గురూ ఎవరో చెల్లెలికి తెలియదు. వాళ్ళకీ ఇళ్ళుంటాయి, వాళ్ళకీ ఎవరో నల్లగుడ్డలు కడతారు. ఆ ముగ్గురి మందును ఈ జాకెట్టుతో తూచబోతున్నారన్న ఆలోచనకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అక్క మీదా, తన మీదా.

"నలభై రెండు పైన ఎనిమిది వందలు," అంది. "నిన్న కూడా అంతే. లోపలి జాకెట్టులో సీసం పెట్టి కుట్టాను. నేనే."

అక్క కళ్ళు మూసుకుంది.

"చలేస్తోందంటే ఆ జాకెట్టు ఉంచుకోమన్నది నేనేనమ్మా," అంది సిస్టరు. "విప్పించాలని రూలు. పెద్దావిడ, వణుకుతున్నారు కదా అని..."

"తప్పు మాది."

"అది కాదమ్మా. ఎంపిక రోజు కూడా నేనే తూచాను. నలభై ఆరున్నర అని రాశాను. ఆ రోజు కూడా జాకెట్టు ఉందా? ఎందుకంటే నలభై అయిదు లోపుంటే అసలు..."

సిస్టరు మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు కూడా. అక్క కూతురి చెయ్యి పిన్ని భుజం మీద బిగిసింది. ముందు తల్లిని చూసింది, తండ్రిని చూసింది, ఇద్దరూ తల దించుకోవడం చూసింది. మోతాదు సంగతి చెబితే వెలుగు తగ్గిస్తారు. ఈ సంగతి చెబితే తల్లికి ఆ పరీక్షలో చోటే లేదు, ఏ రోజూ లేదు. ఇంక వేరే మందేదీ మిగల్లేదు.

అప్పటిదాకా నిజం నిజం అని ఇల్లు పీకి పందిరేసిన పిల్ల, ఫోను ముందు రెండు చేతులూ అడ్డంగా ఊపింది. చెప్పొద్దు. కళ్ళ నిండా నీళ్ళు, ముఖం నిండా కోపం. చెప్పొద్దు పిన్నీ, లేదని చెప్పు.

"వింటున్నారా అమ్మా?" అంది సిస్టరు.

చెల్లెలికి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అక్క కళ్ళు తెరిచి, గాలిలో ఊగుతున్న కూతురి చేతుల్ని చూసింది. ఇందాక దొంగ తూకమే అని అరిచి ఒప్పుకున్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడామె ముఖంలోకి వచ్చింది. వెంటనే దాని మీద కోపం వచ్చి కూర్చుంది. లేచింది. గోడ పట్టుకోలేదు.

"నువ్వు కూడానా?" అంది కూతురితో. "దించు ఆ చేతులు."

బల్ల మీది ఫోను చేతిలోకి తీసుకుంది.

"సిస్టర్, నేనే మాట్లాడుతున్నా. రాసుకో. ఎంపిక రోజు నలభై మూడు కిలోల మూడు వందలు. నిన్న నలభై రెండు కిలోల ఎనిమిది వందలు. జాకెట్టు కుట్టమని చెప్పింది నేను. చలి లేకపోయినా ఉందని నిన్ను నమ్మించింది నేను. ఆ మాట కూడా రాయి. రాశావా?"

"అమ్మా..."

"రాశావా, లేదా? చదివి వినిపించు."

సిస్టరు చదవలేదు. ఎవరితోనో ఏదో అంది, ఫోను చేతులు మారిన చప్పుడైంది. తర్వాత డాక్టరు గొంతు వినిపించింది, మూడుసార్లు హామీ కాదని చెప్పిన ఆ గొంతే.

"విన్నానమ్మా. ముందు ఆ చెయ్యి చూడాలి. ఎండ పోగానే ఒళ్ళంతా కప్పుకుని బయలుదేరి రండి. మిగతా సంగతి వచ్చాక మాట్లాడదాం."

"వచ్చాక కాదు," అంది అక్క. "వెలుగు వేస్తారా, వెయ్యరా? ఇప్పుడే చెప్పండి. నేను నా లెక్క చెప్పాను, మీరు మీది చెప్పండి."

అవతల డాక్టరు సిస్టరును ఏదో అడుగుతున్నాడు. అక్క కూతురు నేల మీద కూర్చుండిపోయి తల్లి కాళ్ళు పట్టుకుంది. అక్క ఒక చేత్తో ఫోను పట్టుకుని, కాలిన చెయ్యి కూతురి తల మీద వేసి, అలాగే నిలబడి ఉంది.

"వింటున్నాను డాక్టరుగారూ," అంది. "చెప్పండి."